పాత ఈవీ బ్యాటరీని రీసైక్లింగ్‌కు ఎలా సిద్ధం చేయాలి: విప్పడం, పరీక్షించడం, వేరు చేయడం, అప్పగించడం

విజయవాడ ఆటోనగర్ షెడ్లలో, గుంటూరులో స్కూటర్లు బాగుచేసే కొట్లలో తరచూ అడిగే ప్రశ్న ఇది: "పాత ఎలక్ట్రిక్ బండ్ల బ్యాటరీలు మూల పడి ఉన్నాయి. వాటిలో లిథియం, కోబాల్ట్ ఉంటాయట కదా, ఎలా తీయాలి?"

లోహం మీ షెడ్డులో తీయలేరు, ప్రయత్నించనూ కూడదు. రీసైక్లింగ్ ఫ్యాక్టరీలో సెల్స్‌ను ఆక్సిజన్ తగలకుండా నలగ్గొడతారు. రాగి, అల్యూమినియం రేకులను వేరు చేస్తారు. మిగిలిన నల్లపొడిని, అంటే బ్లాక్ మాస్‌ను, సల్ఫ్యూరిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో కరిగిస్తారు. అందులోంచి నికెల్, కోబాల్ట్ సల్ఫేట్లు, లిథియం కార్బొనేట్ తీస్తారు. అక్కడ వాయువులను కడిగే స్క్రబ్బర్లు, మురుగునీటి శుద్ధి అన్నీ ఉంటాయి. అవేవీ లేకుండా సెల్ కోస్తే లోపలి ఎలక్ట్రోలైట్ గాలిలోని తేమతో కలిసి హైడ్రోజన్ ఫ్లోరైడ్ అవుతుంది. అది ఊపిరితిత్తులను, చర్మాన్ని, ఎముకను కూడా తినేసే విషం.

మీ చేతిలో ఉన్న పని వేరే, డబ్బు కూడా అందులోనే ఉంది. ఏ రకం బ్యాటరీయో తేల్చడం, ఛార్జ్ దించడం, బాగున్న సెల్స్ ఏరడం, మిగతాది రకం వారీగా, పొడిగా, షార్ట్ కాకుండా రీసైక్లర్‌కు చేర్చడం. పాత ఇనుము కొట్టులో మొత్తం ప్యాక్‌ను కాటా వేసి అమ్మితే మీరు నష్టపోయేది ఇక్కడే. నికెల్, కోబాల్ట్ ఉన్న ప్యాక్, అవి లేని ప్యాక్ ఒకే ధరకు పోతాయి.

ఎంత సరుకు ఉంటుంది?

రకాలు ప్రధానంగా రెండు. నికెల్, మాంగనీసు, కోబాల్ట్ ఉన్నది ఎన్‌ఎంసీ. లిథియం, ఇనుము, ఫాస్ఫేట్‌తో చేసింది ఎల్‌ఎఫ్‌పీ.

ఒక చిన్న స్కూటర్ ప్యాక్ తీసుకోండి: 48 వోల్టులు, వరుసలో 13 గ్రూపులు, గ్రూపుకు 10 సెల్స్, ఒక్కో సెల్ 2,600 మిల్లీ ఆంపియర్ అవర్. మొత్తం 130 సెల్స్, సుమారు 1.2 కిలోవాట్ అవర్. సెల్స్ బరువే దాదాపు 6 కిలోలు. నికెల్ మధ్యస్థంగా ఉన్న ఎన్‌ఎంసీ రకమైతే కిలోవాట్ అవర్‌కు సుమారు 600 గ్రాముల నికెల్, 200 గ్రాముల కోబాల్ట్, 100 గ్రాముల పైన లిథియం ఉంటాయి. ఈ లెక్కన ఆ ప్యాక్‌లో ముప్పావు కిలో నికెల్, పావు కిలో కోబాల్ట్ ఉన్నట్టు. అదే సామర్థ్యం ఉన్న ఎల్‌ఎఫ్‌పీలో ఈ రెండూ సున్నా. అమ్మబోయే ముందు రకం తేల్చుకోమని పదేపదే చెప్పేది ఇందుకే.

ఏ ప్యాక్‌లు అసలు విప్పకూడదు

- కార్లు, బస్సుల ప్యాక్‌లు. వాటిలో చాలావరకు 300 వోల్టుల పైన ఉంటుంది. 60 వోల్టుల డీసీ దాటినా ప్రాణానికి ముప్పే. ఇవి కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్లాలి.
- ఉబ్బినవి, కారుతున్నవి, కాలిన వాసన వస్తున్నవి, ప్రమాదంలో నలిగినవి.
- నీట మునిగినవి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు సింగ్‌నగర్ చుట్టుపక్కల ఎన్నో బండ్లు మునిగాయి. అలాంటి ప్యాక్ ఆరినట్టు కనిపించినా లోపల బోర్డుల మీద తుప్పు, బురద పేరుకుంటాయి. రోజులు, వారాలు గడిచాక షార్ట్ కావచ్చు. ఛార్జింగ్ పెట్టొద్దు, ఇంట్లో ఉంచొద్దు. ఇంటికీ బండ్లకూ దూరంగా, వాన పడని నీడలో పెట్టి "దెబ్బతిన్నది" అని చెప్పి మరీ అప్పగించండి.
- లోపల గట్టి జిగురు, రెసిన్ పోసి నింపినవి. ఉలి పెట్టి కొడితే సెల్‌కు చిల్లు పడుతుంది. ప్యాక్‌ను అలాగే పంపండి.
- అద్దె ప్యాక్‌లు, స్వాపింగ్ స్టేషన్ ప్యాక్‌లు. అవి మీ సొత్తు కావు.
- వారంటీ మిగిలున్నవి. సీల్ తెరిస్తే వారంటీ పోతుంది.

ఈ-రిక్షాల్లో నాలుగు 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఉంటే వాటి దారి వేరు. అవి సీసం రీసైక్లర్‌కు పోతాయి. లిథియం సెల్స్‌తో ఒకే గోనెలో కలపొద్దు. లిథియం సెల్ ఒక్కటి సీసం కొలిమిలో పడినా పేలుతుంది.

కావలసినవి

- మల్టీమీటర్, 1,000 వోల్టులకు తగిన ఇన్సులేటెడ్ స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లయర్
- ఎలక్ట్రీషియన్ రబ్బరు చేతితొడుగులు, కళ్లద్దాలు
- ప్లాస్టిక్ చీలికలు (మొబైల్ రిపేరు కొట్లో దొరికేవి చాలు)
- కాప్టాన్ టేపు లేదా మంచి ఇన్సులేషన్ టేపు, మార్కర్ పెన్ను, ఒక నోటు పుస్తకం
- నాలుగు తీగల ఇంటర్నల్ రెసిస్టెన్స్ మీటరు, సెల్ కెపాసిటీ టెస్టరు
- ఉష్ణోగ్రత చూసే ఇన్‌ఫ్రారెడ్ గన్
- 12 వోల్టుల 55 వాట్ల హాలోజన్ హెడ్‌లైట్ బల్బులు ఆరు, 10 ఆంపియర్ల డీసీ ఫ్యూజు
- రెండు బకెట్ల పొడి ఇసుక, బయట పెద్ద నీళ్ల డ్రమ్ము, పొడవాటి పట్టకారు
- మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు, వర్మిక్యులైట్ లేదా పొడి ఇసుక

బల్ల చెక్కది కావాలి, మీద రబ్బరు షీటు పరవాలి. ఇనుప బల్ల పనికిరాదు. ఉంగరాలు, గడియారం, కడియం, మెడలో గొలుసు, వెండి మొలతాడు తీసి పక్కన పెట్టండి. వందల ఆంపియర్లు పారితే ఉంగరం వేలి మీదే ఎర్రగా కాలుతుంది.

ఏప్రిల్, మే నెలల్లో ఈ పని తెల్లవారుజామున పెట్టుకోండి. మధ్యాహ్నం రేకుల షెడ్డులో చెమట పట్టిన చేతితొడుగుల్లో పట్టు జారుతుంది. పైగా సెల్స్ అప్పటికే వేడెక్కి ఉంటాయి.

1. రకం తేల్చండి

ముందు లేబుల్ చూడండి. మీద రాసిన నామమాత్రపు వోల్టేజీని 3.2తో భాగిస్తే పూర్ణ సంఖ్య వస్తే ఎల్‌ఎఫ్‌పీ అనుకోవచ్చు. 51.2 అంటే 16 గ్రూపుల ఎల్‌ఎఫ్‌పీ. 3.6తో భాగించినప్పుడు సరిపోతే ఎన్‌ఎంసీ. 46.8 అంటే 13 గ్రూపులు. కొన్ని కంపెనీలు 3.7తో లెక్కేస్తాయి, అప్పుడు 48.1 అని ఉంటుంది. ఉత్త "48వి", "60వి" అని మాత్రమే ఉంటే దాన్నిబట్టి ఏమీ తేల్చలేరు.

లేబుల్ చిరిగితే ఛార్జర్ చూస్తారు చాలామంది. ఎక్కువమంది తప్పులో కాలేసేది ఇక్కడే. 13 గ్రూపుల ఎన్‌ఎంసీ ఛార్జర్ 54.6 వోల్టులు. 15 గ్రూపుల ఎల్‌ఎఫ్‌పీ ఛార్జర్ 54.75. దాదాపు ఒకటే. అలాగే 20 గ్రూపుల ఎన్‌ఎంసీది 84, 23 గ్రూపుల ఎల్‌ఎఫ్‌పీది 83.95. ఛార్జర్ ఒక్కటే చూసి తీర్పు చెప్పొద్దు.

నమ్మదగిన పద్ధతి ఇది: బీఎంఎస్‌కు, అంటే సెల్స్‌ను కాపాడే సర్క్యూట్ బోర్డుకు, ఒక్కో గ్రూపు నుంచి వెళ్లే సన్న బ్యాలెన్స్ వైర్లు లెక్కపెట్టండి (మూత తీస్తేనే కనిపిస్తాయి, ఎలా తీయాలో 3వ మెట్టులో ఉంది). ఆ లెక్కలోంచి ఒకటి తీసేస్తే గ్రూపుల సంఖ్య వస్తుంది (కొన్ని బోర్డుల్లో మొదటి వైరు విడిగా ఉంటుంది, అదీ చూసుకోండి). ఛార్జర్ వోల్టేజీని ఆ సంఖ్యతో భాగించండి. 4.2 వస్తే ఎన్‌ఎంసీ, 3.65 వస్తే ఎల్‌ఎఫ్‌పీ.

సెల్ ఆకారం కూడా ఆధారమే. వేలి మందాన 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 పొడవు ఉంటే 18650. అది ఎక్కువగా ఎన్‌ఎంసీ. 32 మిల్లీమీటర్ల లావు సెల్ ఎక్కువగా ఎల్‌ఎఫ్‌పీ. ఇటుకలా ఉన్న 3.2 వోల్టుల పెట్టె సెల్స్ ఆటోల్లో కనిపిస్తాయి, అవీ ఎల్‌ఎఫ్‌పీయే. అయితే ఆకారం ఒక్కటే చూసి తేల్చెయ్యకండి. 18650 సైజులో ఎల్‌ఎఫ్‌పీ కూడా వస్తుంది.

2. ఛార్జ్ దించండి

మొత్తం ప్యాక్ రీసైక్లర్‌కే వెళ్తుందా, లేక సెల్స్ ఏరాలనుకుంటున్నారా? మొదటిదైతే బీఎంఎస్ తనంతట తాను ఆపేసే వరకు దించండి. రెండోదైతే ఎన్‌ఎంసీ సెల్‌కు 3.5 వోల్టుల దగ్గర ఆపండి. మరీ సున్నాకు లాగేస్తే మంచి సెల్స్ కూడా పాడవుతాయి.

బండి నడిచే స్థితిలో ఉంటే బండితోనే దించడం అన్నిటికన్నా సులువు. నడవకపోతే హెడ్‌లైట్ బల్బులను వరుసలో కలపండి. 13 గ్రూపుల ఎన్‌ఎంసీకి 4 బల్బులు, 16 గ్రూపుల ఎన్‌ఎంసీకి 5, 20 గ్రూపులదానికి 6. 16 గ్రూపుల ఎల్‌ఎఫ్‌పీకి 5 వాడండి, నాలుగైతే ఒక్కో బల్బుకు 14.6 వోల్టులు పడి త్వరగా మాడిపోతాయి. ఈ అమరిక సుమారు నాలుగున్నర ఆంపియర్లు తీసుకుంటుంది. పైన చెప్పిన 1.2 కిలోవాట్ అవర్ ప్యాక్ నిండుగా ఉంటే అయిదారు గంటలు పడుతుంది. ఫ్యూజును ప్యాక్ పాజిటివ్ వైరు మీద, ప్యాక్‌కు దగ్గరగా పెట్టండి. బల్బులను ఇటుకల మీద ఉంచండి. గాజు ముట్టుకోలేనంత కాలుతుంది. చెక్క మీద, గోనె మీద పెడితే అంటుకుంటాయి.

ఎల్‌ఎఫ్‌పీతో ఒక తిరకాసు ఉంది. దాని వోల్టేజీ గంటల తరబడి 3.2 దగ్గరే నిలబడి, చివర్లో ఒక్కసారిగా జారిపోతుంది. "ఇంకా చాలా ఉంది" అనుకుని భోజనానికి వెళ్లొచ్చేసరికి అడుగంటి ఉంటుంది. అలారం పెట్టుకోండి.

ఉప్పునీళ్లలో పడేసే పద్ధతి వద్దు. వీడియోల్లో చూసి చాలామంది చేస్తున్నారు. ప్యాక్ వోల్టేజీకి ఉప్పునీరు విడిపోయి హైడ్రోజన్, క్లోరిన్ వస్తాయి. సెల్ కొనలు తుప్పుపట్టి ఊడిపోతాయి. కొనలు పోయాక ఛార్జ్ లోపలే చిక్కుకుంటుంది, దించే దారి ఉండదు. సెల్ దిగిందో లేదో కొలవడానికి కూడా కొన మిగలదు. తడిసిన సరుకు కాబట్టి రీసైక్లర్ తీసుకోడు, తీసుకున్నా ధర తగ్గిస్తాడు. ఆ నీళ్లు కాలువలో పోస్తే నికెల్, ఫ్లోరైడ్ అందులోకే పోతాయి.

*దిగిందా లేదా ఎలా చూడాలి:* లోడ్ తీసిన వెంటనే కొలిస్తే తప్పు లెక్క వస్తుంది. వోల్టేజీ మళ్లీ కొంత లేస్తుంది. ఒక రోజు వదిలి మర్నాడు కొలవండి. ఇంకో సంగతి: బీఎంఎస్ ఆపేశాక బయటి కనెక్టర్ దగ్గర సున్నా చూపించవచ్చు. లోపల మాత్రం ఇంకా 35, 40 వోల్టులు ఉంటాయి. "సున్నా చూపిస్తోంది, చచ్చిపోయింది" అని ధైర్యంగా చేతులు పెట్టేవాళ్లు షాక్ తినేది, షార్ట్ చేసేది ఇక్కడే.

3. పెట్టె తెరవండి

స్క్రూలు తీసి, మూతను ప్లాస్టిక్ చీలికతో ఎత్తండి. స్క్రూడ్రైవర్ మొన లోపలికి గుచ్చొద్దు. డ్రిల్లు, గ్రైండరు ఈ పనికి దగ్గరకే రానివ్వొద్దు.

లోపల కనిపించగానే వాసన చూసుకోండి. తియ్యటి, నెయిల్ పాలిష్ లాంటి వాసన వస్తే ఏదో సెల్ కారింది. మూత వదులుగా వేసి బయట పెట్టేయండి. ఆ ప్యాక్ ఇక విప్పేది కాదు.

అంతా బాగుంటే ముందు బ్యాలెన్స్ వైర్ల కనెక్టర్‌ను బోర్డు నుంచి ఊడదీయండి. తర్వాతే బీఎంఎస్‌కు వెళ్లే లావు నెగటివ్ వైరు. తీసిన ప్రతి కొనకూ అప్పటికప్పుడు టేపు చుట్టండి. బ్యాలెన్స్ వైర్లకు కనెక్టర్ లేకపోతే ఒక్కొక్కటే కత్తిరించండి. రెండు వైర్లను కలిపి ఒకేసారి కత్తిరిస్తే ప్లయర్ నోరే షార్ట్ అవుతుంది, మొన కరిగి కళ్లలోకి ఎగురుతుంది.

బీఎంఎస్ బోర్డు పారేయొద్దు. చాలా ప్యాక్‌లు చచ్చేది బోర్డు పోయి, సెల్స్ పోయి కాదు. బోర్డు పనిచేస్తుంటే అదే గ్రూపుల సంఖ్య ఉన్న ఇంకో పనికి వస్తుంది. పోతే ఈ-వేస్ట్‌లోకి వెళ్తుంది.

4. ముక్కలు చేయండి, గ్రూపు గ్రూపు కొలవండి

వరుసగా ఉన్న గ్రూపుల మధ్య నికెల్ పట్టీలను కత్తిరించి, ప్యాక్‌ను 20 వోల్టుల లోపు ముక్కలుగా విడదీయండి. ఆ వోల్టేజీకి షాక్ భయం ఉండదు. షార్ట్ భయం మాత్రం అలాగే ఉంటుంది.

ప్రతి గ్రూపు మీద మార్కర్‌తో నంబరు, వోల్టేజీ రాయండి. ఆ అంకెలే ఆ ప్యాక్ కథ చెబుతాయి.

- అన్నీ 0.05 వోల్టుల తేడాలో ఉంటే ప్యాక్ సమానంగా వయసు మళ్లింది. పరీక్షకు పనికొస్తుంది.
- ఒక్క గ్రూపే కిందికి పడిపోతే అందులో ఒకటో రెండో సెల్స్ లీకవుతున్నాయి. మిగతా 12 గ్రూపులు చాలాసార్లు బాగానే ఉంటాయి. ఇలాంటి ప్యాక్‌లే ఏరడానికి మేలైనవి.
- 2 వోల్టుల కంటే దిగిన గ్రూపు మొత్తం తుక్కే. అంత కిందికి దిగితే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. మళ్లీ ఛార్జ్ చేస్తే ఆ రాగి ముల్లులా పెరిగి సెల్‌ను లోపలే షార్ట్ చేస్తుంది. మెల్లగా లేపితే లేస్తాయి, నిజమే. లేచిన సెల్స్‌తోనే తర్వాత మంటలు వస్తాయి.

5. సెల్స్ విడదీయడం (అవసరమైతేనే)

ఒక గ్రూపు మొత్తం బాగుంటే దాన్ని విడదీయకండి. పది సెల్స్ గ్రూపును ఒకే పెద్ద సెల్‌గా పరీక్షించి, అలాగే వాడుకోవచ్చు. సమయం కలిసొస్తుంది, సెల్స్ మీద గీతలు పడవు.

విడదీయాలంటే నికెల్ పట్టీని సన్న ప్లయర్‌తో పట్టి, సర్దిన్ డబ్బా మూతలా చుట్టుకుంటూ లాగండి. పాజిటివ్ వైపు మహా జాగ్రత్త. ఆ కొన చుట్టూ అంచు మొత్తం నెగటివే. మధ్యలో ఉన్నది సన్నటి రబ్బరు వలయం, పైన ప్లాస్టిక్ తొడుగు, అంతే. ప్లయర్ మొన అక్కడ ఆనితే షార్ట్. తొడుగు చిరిగిన సెల్‌కు కొత్త తొడుగు, కాగితపు ఉంగరం వేసే వరకు వేరే సెల్స్ పక్కన పెట్టొద్దు.

ఆటోల పెట్టె సెల్స్‌కు బోల్టులుంటే సులువు. లేజర్ వెల్డింగ్ చేసిన పట్టీలైతే కోయకండి. మాడ్యూల్‌ను మాడ్యూల్‌గానే పంపండి.

6. పరీక్షించండి

130 సెల్స్‌ను నాలుగు గదుల టెస్టర్లో పూర్తిగా పరీక్షించాలంటే పది రోజుల దాకా పడుతుంది. కాబట్టి ముందు తేలిక జల్లెడలు, తర్వాత కష్టమైనవి.

*మొదటి జల్లెడ, రెసిస్టెన్స్.* నాలుగు తీగల మీటరుతో ప్రతి సెల్ కొలవండి. టెస్టర్ తెర మీద వచ్చే రెసిస్టెన్స్‌ను నమ్మొద్దు, స్ప్రింగు పట్టు మారితే అంకె మారుతుంది. విలువ మోడల్‌ను బట్టి ఉంటుంది కనుక ఒకే ప్యాక్‌లోని సెల్స్‌ను ఒకదానితో ఒకటి పోల్చండి. ఎక్కువ సెల్స్ చూపించే అంకెకు ఒకటిన్నర రెట్లు దాటినవి పక్కకు.

*రెండోది, కెపాసిటీ.* 4.2 వరకు నింపి, ఒక ఆంపియర్‌తో 2.8 వోల్టుల వరకు దించండి. ఎల్‌ఎఫ్‌పీకి 3.65 నుంచి 2.5 వరకు. లేబుల్ సామర్థ్యంలో 80 శాతం పైన వస్తే మంచిది. 60 నుంచి 80 మధ్య ఉంటే ఒకేచోట ఉండే తేలిక పనులకు. 60 లోపు తుక్కు.

*మూడోది, వేడి.* ఛార్జింగ్ మధ్యలో గన్‌తో చూడండి. పుస్తకాల్లో "45 డిగ్రీలు దాటితే తీసేయండి" అని ఉంటుంది. బెజవాడ మే నెలలో గదిలోనే 40 ఉంటుంది, ఆ లెక్కన అన్నీ తీసేయాల్సి వస్తుంది. ఆ రోజుల్లో పగలు ఛార్జింగ్ పరీక్షలు పెట్టొద్దు. మిగతా రోజుల్లో పక్క సెల్స్‌తో పోల్చండి, మిగతావాటి కన్నా 10 డిగ్రీలు ఎక్కువున్నది తుక్కే.

*నాలుగోది, నిలుపుదల. ఎక్కువమంది ఎగ్గొట్టేది ఇదే.* ఎన్‌ఎంసీ సెల్‌ను నింపి ఒక రోజు వదిలి వోల్టేజీ రాసుకోండి. రెండు వారాల తర్వాత మళ్లీ కొలవండి. తోటి సెల్స్ కన్నా 0.03 వోల్టులు అదనంగా పడితే పక్కన పెట్టండి. కెపాసిటీ బ్రహ్మాండంగా చూపించిన సెల్ కూడా ఇక్కడ దొరికిపోతుంది. అలాంటి ఒక్క సెల్ గ్రూపు మొత్తాన్నీ మెల్లగా తాగేస్తుంది. ఎల్‌ఎఫ్‌పీలో వోల్టేజీ చూసి మోసపోవద్దు. 3.65కి నింపినది 3.35 దగ్గరకు దిగడం మామూలే. దానికి రెండు వారాల తర్వాత దించి, ఎంత ఇచ్చిందో చూడండి. ముందు ఇచ్చిన దానిలో 95 శాతం లోపు వస్తే తుక్కు.

ఏరిన సెల్స్ ఎక్కడ వాడాలి? సోలార్ దీపం, కొట్టులో బిల్లింగ్ మిషన్ బ్యాకప్, వైఫై రౌటర్, పొలం దగ్గర తేలిక లైట్లు. ప్రతిదానికీ బీఎంఎస్, ఫ్యూజు తప్పనిసరి. మళ్లీ బండిలోకి మాత్రం వద్దు. బండి బ్యాటరీకి ఏఐఎస్-156 ప్రమాణం ఉంది, షెడ్డులో అతికించిన ప్యాక్ దానికి తూగదు. పడకగదిలోనూ వద్దు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలోనే ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకరు చనిపోయారు.

7. డబ్బాల్లోకి

నాలుగు డబ్బాలు పెట్టుకోండి: వాడుకునేవి, ఎన్‌ఎంసీ తుక్కు, ఎల్‌ఎఫ్‌పీ తుక్కు, దెబ్బతిన్నవి. ఎన్‌ఎంసీ డబ్బాలో నాలుగు ఎల్‌ఎఫ్‌పీ సెల్స్ కనిపిస్తే చాలు, కొనేవాడు మొత్తానికీ తక్కువ రేటు కడతాడు.

ప్రతి సెల్ రెండు కొనలకూ టేపు. వరుసకూ వరుసకూ మధ్య అట్టముక్క. డబ్బా ప్లాస్టిక్‌ది. దెబ్బతిన్నవి మాత్రం విడిగా, ఒక్కొక్కటి ఒక్కో సంచిలో, చుట్టూ వర్మిక్యులైట్ లేదా పొడి ఇసుక పోసి, మూత బిగించకుండా. లోపల గ్యాస్ వస్తే బయటకు పోవాలి.

డబ్బాలను రేకుల షెడ్డులో కాక, గాలి ఆడే నీడలో, నేల నుంచి అడుగు ఎత్తున ఉంచండి. పెట్రోలు, థిన్నర్, టైర్ల దగ్గర వద్దు. నెలల తరబడి పోగేయడమూ మంచిది కాదు. ఒక ట్రాలీకి సరిపడా అయిందంటే పంపేయండి.

నిప్పు అంటుకుంటే

బుసకొట్టే శబ్దం, తెల్లటి పొగ కనిపిస్తే నిమిషాల సమయం కూడా ఉండదు. ఒక్క చిన్న సెల్ వేడెక్కుతుంటే పట్టకారుతో బయటి నీళ్ల డ్రమ్ములో వేయండి. ప్యాక్ మొత్తం అంటుకుంటే వదిలేసి బయటకు వచ్చి 101కి ఫోన్ చేయండి. పొగ పీల్చొద్దు. పౌడర్ సిలిండర్ మంటను కాసేపు అణచినా లోపలి వేడిని ఆపలేదు. ఇసుక పాకకుండా చేస్తుంది, చల్లార్చదు. చల్లార్చేది దూరం నుంచి ఆగకుండా కొట్టే నీళ్లే. ఆరిపోయిన ప్యాక్ గంటల తర్వాత కూడా మళ్లీ అంటుకుంటుంది, లోపలికి తేవద్దు.

8. ఎవరికి అప్పగించాలి

2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం పాత బ్యాటరీని వెనక్కి సేకరించి రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీదారుది, దిగుమతిదారుది. వాడకందారుగా మీ బాధ్యత దాన్ని ఇంటి చెత్తలో కలపకుండా, సేకరణ, పునరుద్ధరణ లేదా రీసైక్లింగ్ చేసే సంస్థకు అప్పగించడం. కాబట్టి ఒక్క స్కూటర్ బ్యాటరీ ఉన్నవాళ్లు ముందు ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌నే అడగండి. కొత్త బ్యాటరీ కొనేటప్పుడు పాతదానికి ఎంత తగ్గిస్తారో బేరమాడండి.

ఎక్కువ సరుకున్న షెడ్లు రీసైక్లర్‌తో నేరుగా మాట్లాడుకోవచ్చు. అతని పేరు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి బ్యాటరీ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. రిజిస్ట్రేషన్ లిథియంకా, సీసానికా అన్నదీ చూడండి. సీసం అనుమతి చూపించి లిథియం కొనేవాళ్లున్నారు. అనుమానం ఉంటే విజయవాడలోనే ఉన్న రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయంలో అడగండి. మీరే సెల్స్ ఏరి అమ్మే వ్యాపారం పెట్టాలనుకుంటే అది పునరుద్ధరణ కిందికి వస్తుంది. దానికి మండలిలో రిజిస్ట్రేషన్ తప్పదు.

ధర అడిగేటప్పుడు ఈ ప్రశ్నలు వేయండి:

- ఎన్‌ఎంసీకి ఎంత, ఎల్‌ఎఫ్‌పీకి ఎంత? రెండింటికీ ఒకే రేటు చెబితే ఇంకొకరిని చూడండి.
- రేటు ప్యాక్ బరువు మీదా, సెల్స్ బరువు మీదా? అల్యూమినియం పెట్టె, రాగి వైర్లు విడిగా అమ్ముకుంటే ఎంత వస్తుందో ముందే లెక్కేసుకోండి. సెల్ రేటు మంచిగా ఉంటే పెట్టె తీసేసి ఇవ్వడం లాభం.
- రవాణా ఎవరిది?

సరుకు పంపేటప్పుడు లిథియం బ్యాటరీలని రాసే పంపండి. డబ్బా మీద ప్రమాదకర సరుకు 9వ తరగతి గుర్తు, యూఎన్ 3480 అంకె ఉండాలి. "బండి విడిభాగాలు" అని రాసి ఆర్టీసీ పార్శిల్‌లోనో, రైల్లోనో వేయడం జనం మధ్య నిప్పు పెట్టడమే. దెబ్బతిన్నవి ఉన్నాయంటే ముందే చెప్పండి. వాటికి బండి వేరే రావాలి.

బండి ఎక్కించే ముందు డబ్బాలను మీ కాటా మీద తూచి, సీరియల్ నంబర్లు కనిపించేలా ఫొటోలు తీసుకోండి. రసీదులో తేదీ, రకం, బరువు, రీసైక్లర్ రిజిస్ట్రేషన్ నంబరు నాలుగూ ఉండాలి. "స్క్రాప్ బ్యాటరీ, ఒక లాట్" అని రాసిచ్చే చీటీని ఒప్పుకోకండి. బరువులో తేడా వస్తే లారీ కదలక ముందే మళ్లీ తూయించండి.